తెలిసీ ఎందుకు తింటాం? సోక్రటీస్ ఒప్పుకోడు, నా షుగర్ రిపోర్టు ఊరుకోదు

బొబ్బట్ల బాధితుడు · శుక్రవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఎనిమిదేళ్లుగా నాకు షుగర్. మొన్న మా వియ్యాలవారింట నిశ్చితార్థానికి వెళ్లాను. బొబ్బట్టు వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "వద్దు బాబూ, షుగర్" అన్నాను. ఆ కుర్రాడు "సగమేనండీ, నెయ్యి కూడా వేడిగా ఉంది" అన్నాడు. సగం తిన్నాను. మిగతా సగం నేనే పిలిచి వేయించుకున్నాను. తర్వాత ఇంకొకటి. వేలికంటిన పూర్ణం నాకుతున్నప్పుడు కూడా డాక్టరుగారి మొహం, మూడు నెలల రిపోర్టులో అంకె కళ్ల ముందే ఉన్నాయి. ఒక్క క్షణం కూడా మరిచిపోలేదు. అదే నా బాధ.

రిటైరయ్యాక రోజుకు పది పేజీల చొప్పున పాత గ్రీకు తత్వవేత్త ప్లేటోని చదువుతున్నాను. ఇప్పుడు "ప్రొటాగరస్" అనే సంభాషణ నడుస్తోంది. అందులో ఆయన గురువు సోక్రటీస్ ఏది మంచో నిజంగా తెలిసినవాడు దానికి ఎదురు నడవడు అంటాడు. "సుఖానికి లొంగిపోయాను" అనడం వట్టి మాటట. జరిగేది లెక్క తప్పడమేనట. దగ్గరున్న వస్తువు పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా కనబడినట్టు, ఇప్పటి సుఖం పెద్దగా, రేపటి నొప్పి చిన్నగా కనబడుతుంది. కొలిచే విద్య చేతిలో ఉంటే ఈ పొరపాటు జరగదట.

నాకు కొలత తెలుసు. రిపోర్టులో దశాంశంతో సహా తెలుసు. అయినా తిన్నాను. సోక్రటీస్ తప్పా, నేను తప్పా?

లెక్కల మేష్టారు · శుక్రవారం రాత్రి 11:05

మీరు తప్పని మీరే చెప్పారు కాబట్టి అది వదిలేద్దాం. సోక్రటీస్ మాటలో పస ఉంది. కంటికి ఆనించి పెట్టుకుంటే మామిడికాయ వెనక కొండ కూడా దాక్కుంటుంది. విస్తట్లో బొబ్బట్టు, మూడు నెలల దూరాన రిపోర్టు. అంకె తెలియడం వేరు, కొలవడం వేరు. నలభై ఏళ్లు పిల్లలకు సూత్రాలు చెప్పాను. సూత్రం అప్పజెప్పి లెక్క తప్పు చేసినవాళ్లే ఎక్కువ.

పాతపుస్తకం · శనివారం ఉదయం 6:50

మేష్టారూ, మీ ఆఖరి వాక్యం అచ్చంగా ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్‌ది. "నికోమాకియన్ ఎథిక్స్" ఏడో భాగంలో ఆయన ఇదే సోక్రటీస్ మాట ఎత్తుకుని, ఇది కళ్లెదుట జరుగుతున్న దానికి పొసగడం లేదంటాడు. జనం తెలిసీ తప్పు చేస్తున్నారు, రోజూ చూస్తున్నాం కదా. ఆ జబ్బుకి గ్రీకులో పేరు అక్రాసియా, అంటే తన మీద తనకు పట్టు లేకపోవడం.

అలాగని సోక్రటీస్‌ని పూర్తిగా కొట్టిపారేయడు కూడా. "తెలియడం"లో రెండు రకాలున్నాయంటాడు. విద్య దగ్గరుంది కానీ వాడుకలో లేదు. విద్య ఉంది, వాడుకలోనూ ఉంది. నిద్రపోతున్నవాడికి, తాగినవాడికి విద్య మొదటి రకంలోనే ఉంటుంది. తాగినవాడు ఎంపెడోక్లిస్ అనే తత్వకవి పద్యాలు తప్పు లేకుండా వల్లించగలడు, అంతమాత్రాన వాటి అర్థం ఆ క్షణాన అతనిలో పనిచేస్తున్నట్టు కాదు అంటాడు. కాబట్టి విస్తరి ముందు మీరు "వద్దు బాబూ, షుగర్" అన్నది పద్యం వల్లించడమేనండీ. ఏమనుకోకండి.

బొబ్బట్ల బాధితుడు · శనివారం ఉదయం 7:15

ఏమనుకోను, నిజమే. ఆ మాట అంటున్నప్పుడు నా చెయ్యి విస్తరిని పూర్తిగా కప్పలేదు. సగం బొబ్బట్టు పట్టేంత చోటు వదిలాను.

అట్లాంటా ఆవకాయ · శనివారం ఉదయం 7:32

అంకుల్, ఇదంతా మైండ్‌సెట్. నేను స్టోయిక్ పద్ధతి (కోరికల్ని అదుపులో పెట్టుకోమనే పాత గ్రీకు తత్వం) ఫాలో అవుతున్నా. ఉదయం 5కి లేవడం, చన్నీళ్ల స్నానం, 90 రోజులుగా చక్కెర సున్నా. ఆ తత్వం చెప్పిన ఎపిక్టీటస్ రెండే మాటల్లో తేల్చేశాడు: ఓర్చుకో, మానుకో. రోజూ స్టేటస్‌లో పెడుతున్నా, మా ఆఫీసులో ఆరుగురు మొదలుపెట్టారు.

ఓరుగల్లు చెల్లె · శనివారం ఉదయం 8:10

అన్నా, అదే ఎపిక్టీటస్ చేతిపుస్తకంలో 47వ ముక్క చదివినవా? ఒంటిని కొద్దిపాటి తిండికి అలవాటు చేసుకున్నవాడివి దాని గురించి గొప్పలు పోకు, నీళ్లు మాత్రమే తాగేవాడివైతే సందు దొరికినప్పుడల్లా "నేను నీళ్లే తాగుతా" అనకు అంటడు. సాధన చేయాలనిపిస్తే బాగా దాహం వేసినప్పుడు చల్లటి నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మెయ్యి, ఎవరికీ చెప్పకు. "ఎవరికీ చెప్పకు" అన్నదే అక్కడ కీలకం. ఆయన కాలంలో వాట్సాప్ లేకున్నా స్టేటస్ పెట్టేవాళ్లు ఉన్నరన్నట్టు 😄

అట్లాంటా ఆవకాయ · శనివారం ఉదయం 8:14

దెబ్బ గట్టిగానే తగిలింది చెల్లీ. స్టేటస్ తీసేశా. (తీసేశానని ఇక్కడ చెప్పడం కూడా 47వ ముక్క కిందకే వస్తుందేమో.)

పాతపుస్తకం · శనివారం ఉదయం 9:30

బాధితుడుగారికి అరిస్టాటిల్ దగ్గర ఒక శుభవార్త ఉంది. ఆయన మనుషుల్ని నాలుగు మెట్ల మీద నిలబెడతాడు. ఆ విందులోనే చూద్దాం. ఒకాయన పక్క విస్తట్లో కూర్చుని మూడు బొబ్బట్లు లాగించి "బతికేదే తినడానికి" అన్నాడనుకోండి. అతను అకోలస్తోస్. తిన్నందుకు బాధ లేదు, తినడమే సరైనదని అతని నమ్మకం. అతనికి మందు లేదంటాడు అరిస్టాటిల్. ఆ పైమెట్టు మీరు. వద్దనుకుంటూ తిని, ఇంటికొచ్చి బాధపడి, పోస్టు రాశారు. మీరు అక్రటేస్. పశ్చాత్తాపం ఉంది కాబట్టి బాగుపడే అవకాశం ఉంది. మంచి చట్టాలన్నీ రాసిపెట్టుకుని ఒక్కటీ అమలు చేయని ఊరుతో పోలుస్తాడు మీలాంటివారిని.

మూడో మనిషి నోరూరుతున్నా పళ్లు బిగించి లేచిపోయినవాడు, ఎన్‌క్రటేస్. మనమంతా ఇతన్నే ఆదర్శం అనుకుంటాం. సినిమాల్లో హీరో ఇతనే, స్టేటస్‌లు పెట్టేదీ ఇతనే. అరిస్టాటిల్ మాత్రం ఇతనికి రెండో స్థానమే ఇస్తాడు! మొదటి స్థానం సోఫ్రోన్‌ది. అతను తనకు తగినంత తిని, హాయిగా కబుర్లు చెప్పుకుంటూ లేచిపోతాడు. లోపల యుద్ధమే లేదు. ఆ గుణం పేరు సోఫ్రోసినీ. "క్షేమం" అనే మాట, "బుద్ధి" అనే మాట కలిసి పుట్టిన పదం.

ఈ పదానికి తెలుగు దొరక్క చస్తున్నాను. నిగ్రహం అందామంటే అది ఎన్‌క్రటేస్‌కి పోయింది. మితం అంటే కొలత ఒక్కటే వస్తుంది. సంయమనం అంటే మునీశ్వరుడు కనబడుతున్నాడు. ఎవరైనా సాయం చేయండి.

లెక్కల మేష్టారు · శనివారం ఉదయం 10:02

పదం మీరు వెతకండి. మితం మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న లెక్క చెప్పుకుందాం. అరిస్టాటిల్ మధ్యేమార్గం అనగానే రెండు చివరలు కూడి రెండుతో భాగించడం అనుకుంటారు. "నికోమాకియన్ ఎథిక్స్" రెండో భాగంలో ఆయనే ఆ పొరపాటు దిద్దాడు. పది మినాల తిండి ఎక్కువ, రెండు మినాలు తక్కువ అనుకుందాం. (మినా అంటే సుమారు 430 గ్రాములు.) సగటు ఆరు. అలాగని శిక్షకుడు అందరికీ ఆరు మినాలు పెట్టమనడు. మల్లయోధుడు మైలోకి అది చాలదు, అప్పుడే వ్యాయామం మొదలుపెట్టినవాడికి ఎక్కువ. మధ్యమం వస్తువులో లేదు, తినేవాడిలో ఉంది. షుగర్ ఉన్నవారి మధ్యమం ఎక్కడుందో వారి డాక్టరుకి తెలుస్తుంది, పక్క విస్తరివాడికి తెలియదు.

ఇంకో సంగతి. కొన్నిటికి మధ్యమమే లేదన్నాడు. దొంగతనం, హత్య, పరాయి భార్యతో సంబంధం, వీటిని తగు మోతాదులో, తగిన వేళలో చేయడమంటూ ఉండదు. "మితంగా లంచం తీసుకుంటాను" అనే మా వీధి పెద్దమనిషికి ఇది వినిపించాలని ఉంది.

కుండలో మజ్జిగ · శనివారం మధ్యాహ్నం 2:20

రోజూ చదివిపోతుంటాను, రాయడం తక్కువ. పాతపుస్తకం బాబూ, కుదురు అనకూడదా?

మా అమ్మమ్మ వంటింట్లో మజ్జిగ కుండ గడ్డితో పేనిన కుదురు మీద ఉండేది. కుండ అడుగు గుండ్రం కదా, నేల మీద పెడితే దొర్లిపోతుంది. ఎవరో ఒకరు పట్టుకుని కూర్చోవాలి. నాకు ఐదారేళ్లప్పుడు కుదురు విప్పేసి ఆడుకున్నందుకు, కొత్తది పేనేదాకా ఆ కుండ పట్టుకుని కూర్చోమని శిక్ష వేసింది. ఎంతసేపో తెలియదు కానీ చేతులు లాగేశాయి. మజ్జిగ తొణికి గౌనంతా తడిసింది. అమ్మమ్మ గడ్డి పేని కుదురు వేసి దాని మీద కుండ పెట్టేసరికి ఎవరూ పట్టుకోనక్కర్లేకుండా నిలబడింది.

నువ్వు చెప్పిన మూడోవాడు కుండని చేతులతో పట్టుకున్నవాడు. నాలుగోవాడి కుండ కుదురు మీదుంది. "పిల్లాడు కుదురుగా ఉన్నాడు" అంటాం కదా, వాణ్ని ఎవరో అదిమిపట్టారని కాదుగా.

పాతపుస్తకం · శనివారం మధ్యాహ్నం 3:05

అమ్మా, నమస్కారం. ఇన్నాళ్లుగా నిఘంటువుల్లో వెతుకుతున్నది మీ వంటింట్లో ఉంది.

అయితే ఒక పేచీ ఉంది. సోఫ్రోసినీ అంటే ఏమిటన్న ప్రశ్న మీదే ప్లేటో ఒక సంభాషణ రాశాడు, దాని పేరు "ఖార్మిడీస్". పొటిడేయా యుద్ధం నుంచి తిరిగొచ్చిన సోక్రటీస్ మర్నాడే ఏథెన్సులో ఒక వ్యాయామశాలకు వెళతాడు. ఖార్మిడీస్ అనే అందమైన కుర్రాడికి తలనొప్పి. సోక్రటీస్ తన దగ్గర ఒక ఆకు, దానితో పాటు చదవాల్సిన ఒక మంత్రం ఉన్నాయంటాడు. ఆ మంత్రం యుద్ధానికి వెళ్లినప్పుడు థ్రేసు దేశపు వైద్యుడొకడి దగ్గర నేర్చుకున్నాడట. మనసు బాగుచేయకుండా తలకు మందు వేయకూడదని ఆ వైద్యుల పద్ధతి. మనసుకి మందు సోఫ్రోసినీ. అది నీలో ఉంటే ఏమిటో చెప్పు అని అడుగుతాడు. కుర్రాడి మొదటి జవాబు: అన్ని పనులూ నెమ్మదిగా, సద్దు లేకుండా చేయడం. వీధిలో నడవడం, మాట్లాడడం, అన్నీ కుదురుగా!

సోక్రటీస్ క్షణంలో విరగ్గొట్టేస్తాడు. చదవడం వేగంగా మంచిదా, నెమ్మదిగానా? కుస్తీ? పరుగు? నేర్చుకోవడం? అన్నిట్లో చురుకే మేలు కదా, మరి నెమ్మది గొప్ప గుణం ఎలా అయింది? మీ కుదురు ఈ దెబ్బకి తట్టుకుంటుందా?

కుండలో మజ్జిగ · శనివారం సాయంత్రం 5:40

తట్టుకుంటుంది. నేను నెమ్మది అనలేదు, కుదురన్నాను. బొంగరం చూశావా? ఎంత జోరుగా తిరిగితే అంత కుదురుగా నిలబడుతుంది. జోరు తగ్గాకే తూలుతుంది.

పాతపుస్తకం · శనివారం సాయంత్రం 6:15

ఇప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. "రిపబ్లిక్" నాలుగో భాగంలో ప్లేటో వాడిన ఉదాహరణ బొంగరమే. ఒకే చోట గుచ్చుకుని తిరిగే బొంగరం కదులుతోందా, నిలబడి ఉందా? ఒకే వస్తువు ఒకే భాగంతో, ఒకే సమయంలో రెండు విరుద్ధమైన పనులు చేయదు, ఇరుసు దృష్ట్యా నిలబడి ఉంది, చుట్టుకొలత దృష్ట్యా తిరుగుతోంది అని తేలుస్తాడు. అక్కణ్ణుంచే మనిషి మనసులో భాగాలున్నాయన్న వాదం మొదలవుతుంది. దాహంగా ఉన్నా తాగకుండా ఆగేవాడిలో "తాగు" అనేది ఒకటి, "వద్దు" అనేది ఇంకొకటి.

పేచీ వాపసు తీసుకుంటున్నాను. ఈ చర్చలో ఇక సోఫ్రోసినీ అంటే కుదురే.

ఓరుగల్లు చెల్లె · శనివారం సాయంత్రం 7:00

అదే చోట లియోంటియస్ కథ కూడా వస్తది కదా. నాకు "రిపబ్లిక్" మొత్తంలో గుర్తున్నది అదొక్కటే.

లియోంటియస్ పిరేయస్ రేవు నుంచి ఊళ్లోకి ఉత్తరపు గోడ వెంబడి నడిచొస్తున్నడు. తలారి దగ్గర శవాలు పడి ఉన్నయి. చూడాలని కోరిక, చూడొద్దని అసహ్యం. కాసేపు మొహం కప్పుకుని తనతో తానే కొట్లాడిండు. చివరికి ఓడిపోయి, కళ్లు పెద్దగా తెరిచి శవాల దగ్గరికి పరుగెత్తి తన కళ్లనే తిట్టిండు: "పాపిష్టి కళ్లారా, తీసుకోండి, కడుపారా చూడండి ఈ అందాన్ని!"

నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఒక రాత్రి యాక్సిడెంట్ సీసీటీవీ వీడియో ఒకటి ఫోన్లో కనబడింది. వద్దనుకుంటనే చూసిన. దాని కింద ఇంకొకటి. ఒంటిగంటకి ఫోన్ పరుపు మీదకి విసిరి నా వేలినే తిట్టుకున్న. ఆ కథ చదివినంక ఈయన 2400 ఏండ్ల కిందటి మనిషా, మా పక్క రూం మనిషా అనిపించింది. తీపి సంగతి నాకు తెల్వదు కానీ నా బొబ్బట్టు మాత్రం ఫోనే.

హామీ సంతకం · శనివారం రాత్రి 9:50

చాలా రోజులుగా చదువుతున్నాను, ఈరోజే ఖాతా తెరిచాను. గ్రీసులోని డెల్ఫీలో అపోలో దేవుడి గుడి వసారాలో మూడు మాటలు చెక్కి ఉండేవని చదివాను. "నిన్ను నువ్వు తెలుసుకో", "ఏదీ అతి వద్దు", ఈ రెండూ అందరూ చెప్పుకుంటారు. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. "హామీ ఉన్నావా, చేటు పక్కనే ఉంది" అని దాని అర్థం.

బాల్యమిత్రుడి అప్పుకి హామీ సంతకం పెట్టాను. కాగితాలు చదవలేదు. "ఫార్మాలిటీరా" అన్నాడు. టీ తాగుతూ పెట్టాను, కప్పు మరక కూడా పడింది కాగితం మీద. వాడు కట్టడం మానేశాక నా జీతంలోంచి నాలుగేళ్లు కోత పడింది. మా ఆవిడ ఇప్పటికీ పెన్ను చేత్తో పట్టుకుంటే చాలు నా వైపు చూస్తుంది.

అతి, మితం అని తిండి గురించే మాట్లాడుతున్నారు. మొహమాటంలో అతి సంగతేంటి?

లెక్కల మేష్టారు · శనివారం రాత్రి 10:10

బాబూ, మీ మూడో మాట ముందు మిగతా రెండూ దిగదుడుపే.

మొహమాటం గురించి అరిస్టాటిల్ కొంత చెప్పాడు. అందరినీ మెప్పించాలని దేనికీ కాదనలేనివాడు ఒక చివర, ప్రతిదానికీ అడ్డం తిరిగేవాడు ఇంకో చివర. రెండింటి నడుమ ఉన్న గుణానికి తమ భాషలో పేరే లేదని, అది స్నేహానికి దగ్గరగా ఉంటుందని అన్నాడు. పేరు లేకపోయినా గుణం గుణమే. కాదనగలగడం దానిలో భాగం.

రైలు కిటికీ · ఆదివారం ఉదయం 6:30

డెల్ఫీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట ఆఫీసు పని మీద ఏథెన్సు వెళ్లినప్పుడు ఒకరోజు మిగిలితే బస్సెక్కి డెల్ఫీ పోయాను. కొండదారిలో దాదాపు మూడు గంటలు. గుడిలో ఇప్పుడు తిరిగి నిలబెట్టిన ఆరు స్తంభాలున్నాయి, మిగతావి పునాది రాళ్లు. ఆ మూడు మాటలు చెక్కిన రాయి ఎక్కడా లేదు. నేను రాళ్లు పట్టిపట్టి చూస్తుంటే కాపలావిడ ఈల వేసి వెనక్కి రమ్మంది. ఏదీ అతి వద్దు!

అక్కడి మ్యూజియంలో మాత్రం కాళ్లు నిలిచిపోయాయి. 1896లో తవ్వకాల్లో దొరికిన కంచు సారథి విగ్రహం, మనిషెత్తు. క్రీస్తుకు ముందు 5వ శతాబ్దపు తొలినాళ్లది. రథం పోయింది, గుర్రాల ముక్కలు కొన్ని మిగిలాయి. సారథి నిలబడే ఉన్నాడు, చేతిలో పగ్గాలు ఉన్నాయి. కంటిరెప్పల వెంట్రుకలు కూడా రాగితో చేసి అమర్చారు. పందెం గెలిచినవాడి బొమ్మ అది, మొహంలో ఎగిరిగంతేసే ఆనందం లేదు, బిగింపూ లేదు. మజ్జిగ అమ్మ రాసింది చదివాక ఇప్పుడు పేరు దొరికింది. అది కుదురు మొహం.

ప్లేటో రెండు గుర్రాల రథం కథ ("ఫీడ్రస్"లో వస్తుంది, ఒకటి తెల్లది చెప్పిన మాట వింటుంది, ఇంకోటి నల్లది పొగరుబోతు) మనవాళ్లకి వెంటనే కఠోపనిషత్తు రథాన్ని గుర్తు చేస్తుంది. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారన్న గొడవ మాత్రం దయచేసి ఇక్కడ మొదలుపెట్టకండి.

నిర్వాహకుడు · ఆదివారం ఉదయం 7:45

ఆయన వద్దన్నా ఆ గొడవ మొదలైంది. ఆరు వ్యాఖ్యలు తొలగించాను. "అన్నీ మన దగ్గర్నుంచే పోయాయి", "అన్నీ అక్కణ్ణుంచే వచ్చాయి" రెండు పక్షాలకీ వేరే దారం ఉంది, అక్కడ కొట్టుకోండి.

ఓరుగల్లు చెల్లె · ఆదివారం ఉదయం 9:20

కుదురు అన్న మాట నాకూ నచ్చింది కానీ ఒక్కటి అడగాలె. "పిల్ల కుదురుగా ఉంది" అంటే మనూళ్లల్లో అర్థమేంది? నోరెత్తదు, గడప దాటదు అని. గ్రీకుల దగ్గర కూడా అంతే. సోఫ్రోసినీ మగవాళ్లకైతే ఆశల మీద పట్టు, ఆడవాళ్లకైతే శీలం, మౌనం. పైగా ఈ విందులూ వాదాలూ అన్నీ ఇంటి చాకిరీ బానిసలు చేస్తుంటేనే కదా నడిచినయి?

పాతపుస్తకం · ఆదివారం ఉదయం 10:40

చెల్లీ, కాదనలేను. సోక్రటీస్ శిష్యుడు జెనోఫోన్ ఇంటి నిర్వహణ గురించి రాసిన పుస్తకంలో ఇస్కోమాకస్ అనే భూస్వామి తన భార్యకు ఇల్లు దిద్దడం నేర్పిన కథ ఉంది. పెళ్లినాటికి ఆ అమ్మాయికి పదిహేనేళ్లు నిండలేదు. "నా చేతిలో ఏముంది, అంతా నీ చేతిలోనే. సోఫ్రోసినీతో ఉండడమే నా పని అని మా అమ్మ చెప్పింది" అంటుంది. ఆమె గురించి అంత రాసినా ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఒక్క ముక్క మాత్రం ఇస్కోమాకస్ పక్షాన. వెంటనే "మా నాన్న నాకూ అదే చెప్పాడు" అంటాడు. ఇద్దరికీ ఒకే మాట. ఆ మాటని ఎవరి విషయంలో ఎలా వాడారన్నది మీరన్నట్టే జరిగింది.

కుండలో మజ్జిగ · ఆదివారం ఉదయం 11:15

చెల్లెమ్మ అడిగింది నాకు గుచ్చుకుంది. మా అమ్మమ్మ కుదురు పేనింది, ఆవిణ్ని కుదురుగా ఉండమన్నవాళ్లు మజ్జిగ తాగారు. పదం మంచిదే, దాన్ని వేరేవాళ్ల నెత్తిన పెట్టినప్పుడే చెడుతుంది.

అట్లాంటా ఆవకాయ · ఆదివారం ఉదయం 11:30

ఇంత సీరియస్ అయ్యాక మందు సంగతి ఎత్తొచ్చో లేదో. గ్రీకులు వైన్‌లో నీళ్లు కలుపుకుని తాగేవారంట కదా?

లెక్కల మేష్టారు · ఆదివారం మధ్యాహ్నం 12:05

అవును, కలపకుండా తాగడం అనాగరికం వాళ్లకి. క్రేటర్ అనే పెద్ద పాత్రలో కలిపి పంచేవారు. స్పార్టా రాజు క్లియోమెనీస్‌కి పిచ్చెక్కింది సిథియన్లనే సంచారజాతి దగ్గర నీళ్లు కలపకుండా తాగడం నేర్చుకోవడం వల్లేనని స్పార్టావాళ్లు చెప్పుకున్నారని చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు.

యూబ్యులస్ అనే హాస్యనాటక రచయిత ముక్క ఒకటి మిగిలింది. అందులో ద్రాక్షసారాయి దేవుడు డయొనైససే లెక్క చెబుతాడు. తెలివైనవాళ్లకి మూడు పాత్రలే కలుపుతాను. ఒకటి ఆరోగ్యానికి, రెండోది ప్రేమకి, మూడోది నిద్రకి, అది తాగి ఇంటికి పోతారు. నాలుగోది నాది కాదు, పొగరుది. అక్కణ్ణుంచి అరుపులు, చిందులు, వాచిన కళ్లు, కోర్టు సమన్లు, పైత్యం, పదోదానికి పిచ్చి, సామాన్లు విసరడం. మా కాలనీలో డిసెంబరు 31 రాత్రి గేటు దగ్గర కూర్చుని ఈ పది మెట్లూ వరసగా లెక్కపెట్టగలను.

ఇంకో సరదా. సామోస్ దీవిలో పైథాగరస్ కప్పు అని యాత్రికులకి అమ్ముతారు. మధ్యలో చిన్న స్తంభం, లోపల వంపు గొట్టం. గీత దాకా పోస్తే మామూలు కప్పే. గీత దాటి పోశామా, ఎక్కువైంది మాత్రమే కాదు, కప్పంతా అడుగునుంచి కారిపోతుంది. సైఫన్ సూత్రం. పిల్లల సైన్స్ ఫేర్‌కి నేను ప్లాస్టిక్ గ్లాసు, వంగే స్ట్రా, కొంచెం మైనంతో చేయించాను. గ్లాసు అడుగున బెజ్జం పెట్టి స్ట్రా దూర్చి, వంపు గ్లాసు లోపల గీత ఎత్తున ఉండేట్టు చూసుకుంటే చాలు. న్యాయనిర్ణేతగారి ప్యాంటు మీద ఖాళీ అయింది. బహుమతి రాలేదు.

పాతపుస్తకం · ఆదివారం సాయంత్రం 4:30

నిన్నటి ఖార్మిడీస్ కథకి మిగతా సగం చెప్పలేదు. ఆ కుర్రాడు ప్లేటోకి స్వయానా మేనమామ. పక్కనే కూర్చుని సోఫ్రోసినీకి తెలివైన నిర్వచనాలు ఇచ్చిన క్రిటియాస్ ప్లేటో తల్లికి దగ్గరి బంధువు. క్రీ.పూ. 404లో ఏథెన్సు ఓడిపోయాక గద్దెనెక్కిన ముప్ఫైమంది నియంతలకు నాయకుడు ఈ క్రిటియాసే. వాళ్లు చంపించిన పౌరులు 1500 మందికి తక్కువ కాదని చెబుతారు. ఖార్మిడీస్ వాళ్లకింద పిరేయస్‌లో అధికారి. 403లో ఇద్దరూ ఒకే పోరులో చచ్చారు. సోక్రటీస్‌తో కూర్చుని కుదురు గురించి మాట్లాడినవాళ్లే ఇద్దరూ.

ఇది సోక్రటీస్ మెడకే చుట్టుకుంది. "క్రిటియాస్ నీ శిష్యుడే కదా" అని జనం అన్నారు. జెనోఫోన్ ఆయన తరఫున ఇచ్చిన జవాబు బాధితుడుగారి మొదటి ప్రశ్నకీ జవాబే. క్రిటియాస్ లాంటివాళ్లు ఆయన దగ్గరున్నంతకాలం అదుపులోనే ఉన్నారు, వెళ్లిపోయాక సాధన వదిలేశారు. వ్యాయామం మానేసినవాడి కండ కరిగినట్టు మంచి గుణం కూడా వాడకపోతే కరిగిపోతుంది. అరిస్టాటిల్ కూడా ఇల్లు కట్టి కట్టి మేస్త్రీ అవుతాడు, వీణ వాయించి వాయించి వైణికుడవుతాడు అంటాడు (ఆయనది లైర్ అనే గ్రీకు తంతివాద్యం అనుకోండి). కుదురు పుట్టుకతో రాదు, గడ్డి పేనినట్టు పేనుకోవాలి.

బొబ్బట్ల బాధితుడు · ఆదివారం సాయంత్రం 5:10

పేనడానికి టైం పడుతుంది కదండీ. వచ్చే బుధవారం మా తోడల్లుడి గృహప్రవేశం. అప్పటిదాకా ఏం చేయను?

రైలు కిటికీ · ఆదివారం సాయంత్రం 5:25

హోమర్ కావ్యంలో ఒడిస్సియస్ చేసింది చేయండి. పాటతో నావికుల్ని లాగి చంపే సైరెన్ల పాట వింటే ఎవరూ ఆగలేరని అతనికి ముందే తెలుసు. తన నిగ్రహం మీద నమ్మకం పెట్టుకోలేదు. నావికుల చెవుల్లో మైనం పెట్టి, తనని తెరచాప స్తంభానికి కట్టించుకున్నాడు. "విప్పమని నేను బతిమాలితే ఇంకా గట్టిగా కట్టండి" అని ముందే చెప్పాడు. పాట వినబడగానే కనుబొమలతో సైగ చేశాడు, వాళ్లు ఇంకొన్ని చుట్లు బిగించారు. మీ తాడు ఎవరండీ?

బొబ్బట్ల బాధితుడు · ఆదివారం సాయంత్రం 5:31

మా ఆవిడ. కానీ ఆవిడ ఆడవాళ్ల బంతిలో కూర్చుంటుంది.

హామీ సంతకం · ఆదివారం సాయంత్రం 5:40

మనవణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి. పిల్లలు మొహమాటపడరు. (దీనికి నేను హామీ ఇవ్వను.)

ఓరుగల్లు చెల్లె · ఆదివారం సాయంత్రం 6:02

అంకుల్, పోయేముందు ఇంట్లో కొంచెం తిని పొండి. మందులు వేసుకోవడం మాత్రం మరిచిపోవద్దు, అది గ్రీకులతో తేలే పని కాదు.

బొబ్బట్ల బాధితుడు · బుధవారం రాత్రి 9:15

వచ్చాను. మనవడు పక్కనే కూర్చున్నాడు. మొదటి బొబ్బట్టుకి "తాతయ్యకి షుగర్!" అని పందిరంతా వినబడేలా అరిచాడు. పరువు పోయింది కానీ వడ్డించేవాడు దాటిపోయాడు. తర్వాత వాడికి ఐస్‌క్రీం కనబడి వెళ్లిపోయాడు. తాడు తెగింది.

రెండో విడత వచ్చినప్పుడు ఈసారి చెయ్యి పూర్తిగా అడ్డం పెట్టాను. సగం చోటు కూడా వదలలేదు. అయినా ఒకటి వేయించుకున్నాను, అబద్ధం చెప్పను. చిన్న ముక్కలు చేసుకుని తిన్నాను. విచిత్రం ఏమిటంటే, రుచి ఈసారి బాగా తెలిసింది. సుఖమే మంచిదన్న గ్రీకు తత్వవేత్త ఎపిక్యురస్ స్నేహితుడికి "ఒక చిన్న కుండెడు జున్ను పంపు, కావాలనుకున్నప్పుడు విందు చేసుకుంటాను" అని రాశాడని ఎక్కడో చదివాను. భోగలాలసుడని పేరు పడ్డ మనిషికి విందంటే అంతేనట.

రెండోది అడగలేదు. అది నిగ్రహమా, కుదురా అని ఆలోచిస్తూ విస్తరి మడిచాను. చేతులు కడుక్కునే చోట వంటాయన్ని అడిగితే, బొబ్బట్లు అయిపోయి పావుగంట అయిందన్నాడు.

లెక్కల మేష్టారు · బుధవారం రాత్రి 9:22

ఆ ఒక్కదాని మీద నెయ్యి ఎంత వేశారు?